గురువారం బరువు

మొన్న గురువారం ఏం జరిగిందో చెప్తాను, కానీ ముందు మాటివ్వండి, నవ్వకూడదు. సరే, నవ్వండి, ఎలాగూ ఆగరు. మొన్న గురువారం మధ్యాహ్నం ఎటోబికోలో ఒక చైనీస్ కుటుంబం వంటింట్లో, సాక్సులు విప్పేసి, నేను మోసుకెళ్ళిన వెయిట్ మెషీన్ మీద నేనే నిలబడ్డాను. ఎదురుగా లియాంగ్ గారు కళ్ళజోడు సర్దుకుని, నా పెన్నుతో, నా ఫారంలో, నా బరువు రాసుకుంటున్నారు. అసలు ఆయన బరువు తగ్గించడానికి వెళ్ళినదాన్ని నేను!

మొదటినుంచీ చెప్తేగాని మీకు ఎక్కదు. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

నేను గుంటూరులో న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేశాను. అక్కడే ఓ ఆసుపత్రిలో ఏడేళ్ళు డైటీషియన్‌గా పనిచేశాను. పగలంతా "నెయ్యి మానండి, అన్నం తగ్గించండి" అని పేషెంట్లకి చెప్పి, సాయంత్రం ఇంటికెళ్ళి ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తినేదాన్ని. ఇప్పుడు బ్రాంప్టన్‌లో ఉంటున్నాం కదా, ఇక్కడ నా డిగ్రీ చూసిన ప్రతివాళ్ళూ "వెరీ నైస్" అన్నారు. ఉద్యోగం మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. ఏడాదిన్నరపాటు అప్లై చేసీ చేసీ, కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ లేదనిపించుకునీ అనిపించుకునీ, చివరికి ఎటోబికోలో ఓ కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో ఆర్నెల్ల కాంట్రాక్ట్ సంపాదించాను. బాగా చేస్తే పర్మనెంట్ అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను మంచులో చెప్పుల్లేకుండా నడవమన్నా నడిచేదాన్నే.

పనేమిటంటే, చైనా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ నడివయసు వాళ్ళలో చాలామంది, వచ్చిన కొన్నేళ్ళకి బరువు పెరిగిపోతున్నామని సెంటర్‌కొచ్చి మొత్తుకుంటున్నారు. ఎందుకు పెరుగుతున్నారు? తిండా, నిద్రా, కుర్చీయా, కారా, టెన్షనా? వారం వారం వాళ్ళని కూర్చోబెట్టి అడగాలి, ఫారం నింపాలి, ఒక్కో అలవాటూ మార్చుకునేలా సాయం చేయాలి. విడతకి మూడు నెలల ప్రోగ్రామ్. మొదట్లో ఓసారి, మధ్యలో ఓసారి, చివర్లో ఓసారి బరువు చూడాలి.

మా సూపర్‌వైజర్ పేరు డయాన్. తెల్లజుట్టు, నిక్కచ్చి మనిషి. "నీకు చైనీస్ రాకపోయినా పర్లేదు. ఇంగ్లీష్ బాగా మాట్లాడేవాళ్ళనే ఇస్తాను. నువ్వూ అన్నం తినే మనిషివే కదా, వాళ్ళ కష్టం నీకు తెలుస్తుంది" అంది. తెలిసింది. మరీ ఎక్కువ తెలిసింది.

నా క్లయింట్లంతా సెంటర్‌కే వచ్చేవాళ్ళు, ఒక్క లియాంగ్ గారు తప్ప. ఆయనకి యాభై రెండేళ్ళు, ఇంజనీరు. గురువారాలు ఇంటినుంచి పని. లంచ్ బ్రేక్‌లో మాట్లాడ్డానికి వీలవుతుందన్నారు. అందుకని గురువారం గురువారం నేనే వాళ్ళింటికి వెళ్ళాలి. ఆ లంచ్ బ్రేక్ అనే మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మొదటి గురువారం. వీపున బ్యాగులో వెయిట్ మెషీన్, చేతిలో ఫైలు. బ్రాంప్టన్ నుంచి రెండు బస్సులు మారి వెళ్ళాలి. రెండో బస్సు పావుగంట లేటు. మొహం మీద మంచు కొడుతుంటే, పొద్దున తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేకుండా, పన్నెండో అంతస్తులో వాళ్ళ తలుపు కొట్టాను. లియాంగ్ గారి భార్య మేయ్ గారు తలుపు తీశారు. పొట్టిగా, గుండ్రంగా, నవ్వు మొహంతో ఉన్నారు. ఇంట్లో పియానో పాఠాలు చెప్తారట. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట:

"తిన్నావా?"

చూడండి, మనకీ ఉంది ఈ అలవాటు. ఎవరు కనిపించినా "భోంచేశారా?" అంటాం. అది ప్రశ్న కాదు, పలకరింపు. కడుపు మాడిపోతున్నా "అయ్యిందండీ" అనాలి. పుట్టినప్పటినుంచీ నాకు తెలిసిన సంగతే ఇది. కానీ ఆవిడ ఇంగ్లీషులో అడిగారు! ఇంగ్లీషులో అడిగేసరికి నాకు మర్యాద గుర్తు రాలేదు, నిజం వచ్చేసింది.

"లేదండీ, ఇంకా తినలేదు."

మేయ్ గారి మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత తెలిసింది, వాళ్ళకీ అది ఉత్త పలకరింపేనట. వాళ్ళూ "తిన్నాను" అనే అంటారట. ఇన్నేళ్ళలో "తినలేదు" అని చెప్పిన మనిషిని ఆవిడ చూడలేదట. పాపం, అమ్మాయి ఎంత ఆకలిగా ఉంటే గుమ్మంలోనే చెప్పేసుకుంటుంది అనుకున్నారు. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు.

టేబుల్ మీద ఉల్లికాడల రొట్టెలు, పొగలు కక్కే, కజ్జికాయల్లాంటి చికెన్ డంప్లింగ్స్, వెల్లుల్లి వేసి వేయించిన ఆకుకూర, గిన్నెడు అన్నం. ఫారం నింపాలి కదా అని నేను పెన్ను తీశాను. మేయ్ గారు పెన్ను తీసి పక్కన పెట్టి చేతికి చాప్‌స్టిక్స్ ఇచ్చారు. నా అవస్థ చూసి మరు నిమిషంలో స్పూన్ ఇచ్చారు.

ఇక్కడ రెండో పొరపాటు. మా ఇంట్లో పళ్ళెంలో మెతుకు వదిలితే మా అమ్మ ఊరుకునేది కాదు. "వడ్డించింది వదిలేస్తే వండినవాళ్ళని అవమానించినట్టే" అనేది. కాబట్టి నేను పళ్ళెం శుభ్రంగా ఖాళీ చేశాను. చేసి, మెప్పు కోసం మేయ్ గారి వైపు చూశాను. ఆవిడ కంగారుగా లేచి మళ్ళీ నింపారు. ఓహో, ప్రేమ అనుకున్నాను. మళ్ళీ ఖాళీ చేశాను. మళ్ళీ నింపారు. "చాలండీ, వద్దండీ" అన్నాను. మన దగ్గర "వద్దు" అంటే ఇంకో రెండుసార్లు బతిమాలమని అర్థం కదా, వాళ్ళ దగ్గరా అంతేనట! మూడోసారీ నింపారు.

లియాంగ్ గారు నెమ్మదిగా చెప్పారు. "మా ఇళ్ళల్లో అతిథి పళ్ళెం ఖాళీ అయిందంటే మేం సరిపడా పెట్టలేదని అర్థమండీ. మేయ్‌కి సిగ్గుగా ఉంది."

"మా ఇళ్ళల్లో వదిలేస్తే సిగ్గండీ" అన్నాను నేను, నోటినిండా డంప్లింగ్‌తో.

ఆయన ఆలోచించారు. ఇంజనీరు కదా. "అయితే దీనికి ఆగే చోటు లేదన్నమాట" అన్నారు.

లేదు. మేయ్ గారి గిన్నెలు అయిపోయాకే ఆగింది. ఈలోగా నాకు తోడుగా తినకపోతే బాగోదని లియాంగ్ గారూ మూడు వాయిలు తిన్నారు. ఆ తర్వాత, అంత భోజనం మీద, ఆయన్ని మెషీన్ ఎక్కించి మొదటి బరువు రాసుకున్నాను. అంటే ఆ బరువులోనే ఓ అరకిలో నా పుణ్యం. అప్పుడైనా బుర్ర వెలగాల్సింది.

ఆయన కథ వింటే మాత్రం మనసు కలుక్కుమంది. వాళ్ళ ఊళ్ళో సైకిల్ మీద ఆఫీసుకి వెళ్ళేవారట. సాయంత్రం ఇద్దరూ మార్కెట్‌కి నడిచి వెళ్ళి ఆ పూటకి కావాల్సినవే తెచ్చుకునేవారట. ఇక్కడికొచ్చాక లిఫ్ట్ నుంచి పార్కింగ్, పార్కింగ్ నుంచి హైవే, హైవే నుంచి కుర్చీ. ఓక్‌విల్ ఆఫీసునుంచి ట్రాఫిక్‌లో ఇంటికొచ్చేసరికి ఎనిమిది, భోంచేసేసరికి తొమ్మిది. డ్రైవింగ్‌లో నిద్ర రాకుండా పెద్ద గ్లాసు మిల్క్ టీ. మొదట్లో ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న దిగులు, పక్కన మాట్లాడే మనిషి లేడు, దానికి విరుగుడు చిప్స్ ప్యాకెట్. రాస్తూ రాస్తూ నా పెన్ను ఆగింది. ఊరి పేర్లు తీసేస్తే ఇది మా ఆయన సురేష్ కథే కదా!

"డాక్టర్ మూడు నెలలు టైమిచ్చారు" అన్నారు లియాంగ్ గారు. "షుగర్ గీత మీద ఉందట. బరువు తగ్గితే సరే, లేకపోతే టాబ్లెట్ మొదలుపెడతానన్నారు. మా నాన్నగారికి ఇలాగే మొదలైంది. ఒక్క టాబ్లెట్‌తో." మేయ్ గారు టేబుల్ తుడుస్తున్న చెయ్యి ఆపేశారు. "మీరు చెప్పిందల్లా చేస్తానండీ" అన్నారాయన. నిజంగా చెప్తున్నా, నాకు ఆ క్షణంలో ఈయన్ని ఎలాగైనా గట్టెక్కించాలనిపించింది.

బయల్దేరుతుంటే మేయ్ గారు నీలం మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టారు. మిగిలిన రొట్టెలు. "దారిలో ఆకలేస్తే."

అసలు కొంప ముంచింది ఆ డబ్బాయే.

మీకు తెలుసు కదా, ఎవరింటినుంచి గిన్నె వచ్చినా ఖాళీగా తిరిగి ఇవ్వం. ఏమీ లేకపోతే కనీసం చారెడు పంచదారైనా వేసిస్తాం. నేను పంచదార వేస్తానా? నేను డైటీషియన్ని! అందుకని సున్నుండలు చేశాను. నవ్వకండి, నా లెక్క వినండి. మినప్పప్పు, అంటే ప్రోటీన్. బెల్లం, అంటే ఐరన్. నెయ్యి, అంటే... నెయ్యి లేకపోతే ఉండ కట్టదు కదా, అది టెక్నికల్ అవసరం. వారానికి ఒక్క ఉండ చొప్పున తింటారులే అనుకుని పన్నెండు ఉండలు పెట్టి ఇచ్చాను.

సురేష్ చూసి, "బరువు తగ్గించడానికి వెళ్తూ సున్నుండలు పట్టుకెళ్తున్నావా?" అన్నాడు.

"డబ్బా ఖాళీగా ఇమ్మంటారా?" అన్నాను. ఏ తెలుగువాడు ఇమ్మంటాడు? ఒక ఉండ తీసి నోట్లో వేసుకున్నాడు.

మరుసటి గురువారం లియాంగ్ గారు ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని నమిలారు. తర్వాత చైనీస్‌లో మేయ్ గారితో ఏదో అన్నారు. ఆవిడ ఒకటి తిన్నారు. నేను ఫారంలో ప్రశ్నలు అడుగుతుంటే మధ్యలో డబ్బా వైపు ఇద్దరి చేతులూ వెళ్తూనే ఉన్నాయి. నేను బయల్దేరేటప్పటికి డబ్బా ఖాళీ! అలా ఇస్తారా? వాళ్ళకీ ఉందట అదే పట్టింపు. అందులో గుడ్డు కస్టర్డ్ పోసిన చిన్న చిన్న టార్టులు సర్ది నాకే ఇచ్చారు.

ఇక చూస్కోండి. డబ్బా అటు వెళ్ళేటప్పుడు సున్నుండలు, ఇటు వచ్చేటప్పుడు టార్టులు. అటు జంతికలు, ఇటు ఎర్ర చిక్కుళ్ళ బన్నులు. అటు బొబ్బట్లు, ఇటు పైనాపిల్ కేకులు. ఓ వారం బొబ్బట్లు ఆ డబ్బాలో పట్టక మా స్టీలు డబ్బాలో పెట్టాను. నా పెళ్ళికి మా అమ్మ పేరు కొట్టించి ఇచ్చిన డబ్బా. అదీ నిండుగానే తిరిగొచ్చింది. దాంతో రెండు డబ్బాలు తిరగడం మొదలైంది.

ఇంతకీ పాఠాలు మానలేదండోయ్! రెండోవారం పాఠం, ఎక్కువసేపు కూర్చోవడం వల్ల నష్టాలు. ఆ పాఠాన్ని భోజనాల బల్ల దగ్గర రెండు గంటలు కూర్చుని చెప్పాను. నాలుగోవారం, కారు వాడకం తగ్గించడం. ఆ రోజే నేను మొదటిసారి కార్లో వెళ్ళాను. ఏం చేయను, రెండు డబ్బాలూ వెయిట్ మెషీనూ పట్టుకుని బస్సు ఎక్కలేకపోయాను! ఆ తర్వాత ఇక బస్సు మొహం చూడలేదు.

లియాంగ్ గారు మాత్రం దేవుడి లాంటి మనిషి. చెప్పిందల్లా చేశారు. మిల్క్ టీ మానేశారు. చిప్స్ మానేశారు. రాత్రి భోజనం ఏడున్నరకి మార్చారు. ఆఫీసులో లిఫ్ట్ ఎక్కడం మానేశారు. వాళ్ళ బిల్డింగ్‌లో పన్నెండు అంతస్తుల్లో సగం దాకా మెట్లే ఎక్కుతున్నారట. ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకుంటున్నారు. ఫారాల్లో ప్రతి వారం టిక్కులే టిక్కులు. డయాన్ చూసి "బ్యూటిఫుల్" అనేది. నేను పొంగిపోయేదాన్ని.

ఫారంలో ఓ గడి ఉంటుంది, ఈ వారం తిన్న చిరుతిళ్ళు అని. ఆయన నిజాయితీగా "మీ బంతులు, ఆరు" అన్నారు. నేను "ఇంట్లో చేసిన పప్పు చిరుతిండి" అని రాశాను. అబద్ధం కాదు కదా!

ఆరోవారం బరువు చూశాం. పెరిగింది.

"కార్పెట్ మీద పెట్టాం, అందుకే" అన్నాను. వంటింట్లో టైల్స్ మీద పెట్టాం. ఇంకాస్త ఎక్కువ చూపించింది.

"స్వెట్టర్ బరువేమో" అన్నారు మేయ్ గారు. ఆయన స్వెట్టర్ తీశారు. బెల్టు తీశారు. జేబులోంచి తాళాలు, పర్సు, ఫోను తీశారు. చివరికి కళ్ళజోడు కూడా తీసి బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని మెషీన్ ఎక్కారు. అంకె కదల్లేదు.

"బ్యాటరీ అయిపోయి ఉంటుంది" అన్నాను ఎమ్మెస్సీ న్యూట్రిషన్ చదివిన నేను. బ్యాటరీ అయిపోతే అంకె మాయమవుతుందిగాని బరువు పెరగదని ఆ ఇంజనీరుకి తెలుసు. పాపం, నా పరువు కాపాడ్డానికి తలూపారు. ఫారంలో "మెషీన్ చెక్ చేయాలి" అని రాసేశాను. టెన్షన్‌గా ఉంది కదా అని మేయ్ గారు తలా ఓ టార్టు ఇచ్చారు.

పన్నెండోవారం వచ్చింది. ఆఖరి బరువు. కొత్త బ్యాటరీ, టైల్స్, పల్చటి టీషర్టు. ముగ్గురం వంగి అంకె చూశాం. మొదటి రోజు కంటే రెండున్నర కిలోలు ఎక్కువ. లియాంగ్ గారు కిందకి దిగి, నెమ్మదిగా కళ్ళజోడు పెట్టుకున్నారు. "మెట్లెక్కాను. టీ మానేశాను. వచ్చే నెల డాక్టర్‌కి ఏం చెప్పాలి?" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఫారంలో ఆఖరి పేజీ క్లయింటే నింపాలి, నేను చూడకూడదు. కవర్లో పెట్టి అంటించి డయాన్‌కి ఇవ్వాలి. ఆయన రాశారు, అంటించారు. ఆ రోజు మొదటిసారి నేను మేయ్ గారి బన్ను సగం వదిలేశాను. మా అమ్మ చూస్తే ఏమనేదో!

సోమవారం డయాన్ గదిలో రివ్యూ. బల్లమీద లియాంగ్ గారి ఫారాలన్నీ వరసగా పరిచి ఉన్నాయి. ఆవిడ మొహం గంటు పెట్టుకుని ఉంది.

"నిద్ర మెరుగైంది. నడక పెరిగింది. టీ లేదు. చిప్స్ లేవు. బరువు మాత్రం పెరిగింది. ఇది ఎలా కుదురుతుంది, శ్రావణీ? నాకు ఒకటే కారణం కనిపిస్తోంది. ఈయన నిజం చెప్పట్లేదు. ఇష్టం లేనివాళ్ళని కూర్చోబెట్టి లాభం లేదు. రెండో విడతకి ఈయన్ని తీసేసి, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళని తీసుకుందాం."

 కళ్ళజోడు కూడా తీసి మెషీన్ ఎక్కిన మనిషినా నిజం చెప్పట్లేదంటోంది?

"ఇంకోటి కూడా ఉంది" అంటూ డయాన్ ఆఖరి పేజీ నా ముందు పెట్టింది. మీ బరువుకి ముఖ్యమైన కారణం ఏమిటని మీరు అనుకుంటున్నారు, అన్న ప్రశ్న కింద నాలుగు గీతల జాగా. లియాంగ్ గారు గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక్క మాట రాశారు.

గురువారం.

"గురువారం ఏం చేస్తాడాయన?" అంది డయాన్. "స్నేహితులతో బయట తింటాడా? కాసినోకి ఏమైనా వెళ్తాడా?"

దేవుడా! అంత చక్కటి దారి చూపించింది. "ఏమోనండీ, నాకు తెలీదు" అంటే చాలు, నా కాంట్రాక్టు సేఫ్. పర్మనెంట్ అన్న మాట కళ్ళముందు ఊగుతోంది. కానీ ఆయన మాత్రం నా పేరు రాయలేదు చూశారా? రాయొచ్చు. నన్ను తిట్టొచ్చు. రోజు పేరు రాసి ఊరుకున్నారు. గురువారం వాళ్ళింటికి ఎవరొస్తారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మర్యాద చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"గురువారం నేను వెళ్తాను" అన్నాను.

మొత్తం చెప్పేశాను. తినలేదని చెప్పడం, ఖాళీ పళ్ళెం, మూడు వాయిలు, నీలం మూత డబ్బా, స్టీలు డబ్బా. మేయ్ గారు నాకోసం పదిమందికి సరిపడా వండుతారు, అది శుక్రవారం, శనివారం దాకా తింటారు. నేనిచ్చిన డబ్బాల్లోవి ఆదివారం నుంచి మంగళవారం దాకా వస్తాయి. అంటే గురువారం మంగళవారం దాకా ఉంటుంది. ఇక మిగిలింది బుధవారం ఒక్కటే. "పాపం ఆయన మెట్లెక్కడం వల్ల రెండున్నర కిలోలతో ఆగిందండీ" అన్నాను. "ఆయన్ని తీసేయకండి. తీసేస్తే నన్ను తీసేయండి."

 డయాన్ ఫారంలో వేలు పెట్టి, "ఈ ఇంట్లో చేసిన పప్పు చిరుతిండి అంటే ఏమిటి? దాదాపు ప్రతి వారమూ ఉంది" అంది.

మాటల్లో ఎలా చెప్తాం? నా బ్యాగులో ఒకటి ఉంది. తీసిచ్చాను. అరవైయేళ్ళ నిక్కచ్చి మనిషి సున్నుండ కొరికింది. నమిలింది. కళ్ళు మూసుకుంది. బల్లమీద రాలిన పొడిని కూడా వేలితో అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"ఆయన నిజమే చెప్పాడు" అంది.

ఉద్యోగం పోలేదులెండి. ఆయన్నీ తీసేయలేదు. కానీ డయాన్ రూలు పెట్టింది. ఇకనుంచి తిండి ఏ గుమ్మమూ దాటకూడదు. గురువారం పాఠాలు ఇంట్లో కాదు, దగ్గర్లోని మాల్‌లో నడుస్తూ చెప్పాలి. ఈ ఒక్కసారి మాత్రం ఇంటికెళ్ళి డబ్బా ఇచ్చేసి రావాలి. "ఖాళీగా" అని రెండుసార్లు చెప్పింది. చివర్లో ఇంకో కొత్త ఫారం నా చేతిలో పెట్టి, నన్ను పైనుంచి కిందదాకా చూసి, "ఇది ఎవరికో నీకే తెలుసు" అంది.

మొన్న గురువారం బస్సులోనే వెళ్ళాను. ఒళ్ళో నీలం మూత డబ్బా. పొద్దున్నుంచీ దాన్ని ఖాళీగా పట్టుకెళ్ళడానికి నాకు చేతులు రాలేదు. పంచదార డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. కీరా ముక్కలు పెడదామా అనుకున్నాను, అదీ తిండే కదా. చివరికి డయాన్ ఇచ్చిన ఫారం నాలుగు మడతలు పెట్టి అందులో పడేసి మూత పెట్టాను. హమ్మయ్య, ఖాళీ కాదు!

మేయ్ గారు తలుపు తీశారు. "తిన్నావా?"

"తిన్నానండీ!" అన్నాను, గట్టిగా, ఫ్లోర్ అంతా వినిపించేలా.

లోపల కూర్చుని ఇద్దరికీ క్షమాపణ చెప్పాను. నా డబ్బాలు, నా సున్నుండలు, నా తప్పు అన్నాను. లియాంగ్ గారు తల అడ్డంగా ఊపారు. "మేము ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయింది. వారం వారం మా టేబుల్ దగ్గర కూర్చుని తిన్న మనిషివి నువ్వొక్కదానివే" అన్నారు మేయ్ గారు. "ఎవరైనా తింటుంటే చెయ్యి ఆగదు. ఏం చేయను?" ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ అంతే. ఇక్కడికొచ్చాక నన్ను "ఇంకొంచెం వేసుకో" అని బతిమాలింది కూడా ఆవిడొక్కరేగా!

ఇంకో మంచి కబురు. డాక్టర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పారట లియాంగ్ గారు. ఆ డాక్టర్ నవ్వి, టీ మానడం, మెట్లెక్కడం బాగానే ఉన్నాయి, ఇంకో మూడు నెలలు చూద్దాం, టాబ్లెట్ సంగతి అప్పుడు ఆలోచిద్దాం అన్నారట.

మేయ్ గారు అలవాటు ప్రకారం డబ్బా మూత తీశారు. ఫారం చూసి నావైపు చూశారు. లియాంగ్ గారు మడతలు విప్పి చదివారు. పేరు రాసే చోటు ఖాళీగా ఉంది.  ఆయన లేచి, నా బ్యాగులోంచి మెషీన్ తీసి, టైల్స్ మీద సరిగ్గా పెట్టి, "సాక్సులు విప్పండి" అన్నారు.

విప్పాను. స్వెట్టర్ తీశాను. గాజులు తీశాను. ఎక్కాను. అంకె చూసి, "బ్యాటరీ..." అని మొదలుపెట్టబోయాను. మేయ్ గారు డ్రాయర్ లాగి కొత్త బ్యాటరీ చూపించారు.

మొదటి గురువారానికి ముందు నేను చూసుకున్న బరువు మీద, మూడు నెలల్లో నాలుగు కిలోలు. ఆయన కంటే ఒకటిన్నర ఎక్కువ! ఆయన మెట్లైనా ఎక్కారు.

లియాంగ్ గారు ఎదురుగా కూర్చుని, అచ్చం నాలాగే గొంతు సవరించుకుని, ఒక్కో ప్రశ్నా అడిగారు. రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు? బస్సా, కారా? చిరుతిళ్ళు ఏమిటి? నేను తలొంచుకుని చెప్తూ పోయాను. ఆఖరి పేజీకొచ్చాక మర్యాదగా పెన్ను నా చేతికిచ్చి, చూడకూడదు కదా, మొహం పక్కకి తిప్పుకున్నారు.

మీ బరువుకి ముఖ్యమైన కారణం ఏమిటని మీరు అనుకుంటున్నారు? కింద నాలుగు గీతలు.

ఎమ్మెస్సీ న్యూట్రిషన్, ఏడేళ్ళ అనుభవం. బాగా ఆలోచించి, గుండ్రంగా రాశాను: "గురువారం."